బెంగళూరు పెరట్లో పార్స్‌నిప్: ఆరు నెలల సాగు దినచర్య

2024 సెప్టెంబరు 8

నిన్న చవితి పూజ ముగిసింది. ఈ రోజు పెరటి మూలనున్న మడిని మళ్ళీ తవ్వించాలని నిర్ణయించుకొన్నాను. గత జనవరి చివరిలో ఇదే మడిలో పార్స్‌నిప్ అనే సీమ దుంపకూర గింజలు అరవై చల్లి, నెల రోజులు రోజూ రెండు పూటలా నీరు చిలకరించినా ఒక్కటి కూడా మొలవలేదు. అప్పుడు వేసవి వచ్చేసిందని సరిపెట్టుకొన్నాను. మార్చిలో నగర జలమండలి తోటలకు తాగునీరు వాడరాదని, వాడితే 5,000 రూపాయల జరిమానా అని ఆదేశించడంతో ప్రయత్నాన్ని పూర్తిగా వదిలేశాను. ఇప్పుడు తీరికగా ఆలోచిస్తే నేరం వేసవిది మాత్రమే కాదని తెలుస్తున్నది. ఆ గింజల పొట్లం మీద ఎప్పుడు కట్టారన్న తేదీయే లేదు. పార్స్‌నిప్ గింజకు ఆయుష్షు చాలా తక్కువ. ఏడాది దాటితే మొలకశక్తి బాగా పడిపోతుంది. బెండ, చిక్కుడు గింజలను డబ్బాలో పోసి మూడేళ్ళ తరువాత కూడా ధైర్యంగా వేసే మనకు ఈ సంగతి ఒక పట్టాన తట్టదు.

ఈ దుంప మీద నాకు మోజు కలగడానికి కారణం మా అబ్బాయి. ఇంగ్లండులో రెండేళ్ళు చదువుకొని వచ్చినప్పటి నుంచి, అక్కడ చలికాలంలో ఓవెన్‌లో కాల్చి పెట్టే ఈ తెల్లని దుంప రుచిని వాడు తలచుకోని నెల లేదు. చూడటానికి తెల్ల క్యారెట్ లాగా, భుజాలు వెడల్పుగా, తోక సన్నగా ఉంటుంది. క్యారెట్, కొత్తిమీర, జీలకర్ర, వాము, సోంపు అన్నీ దీనికి ఒకే కుటుంబపు చుట్టాలు కాబట్టి, మన పోపుల పెట్టెకు ఇది మరీ పరాయిది కాదు. ఐరోపాలో బంగాళాదుంప ఇంటింటి తిండి కాక మునుపు పిండిపదార్థం కోసమూ, చక్కెర అందుబాటులోకి రాక మునుపు తీపి కోసమూ దీనిని వాడేవారు.

పరదేశపు కూరగాయను పెంచడం బెంగళూరులో వింతేమీ కాదు. 1760లో హైదర్ అలీ మొదలుపెట్టిన లాల్‌బాగ్‌కు, తరువాతి శతాబ్దంలో జాన్ కామెరాన్ పర్యవేక్షకుడిగా ఉన్న రోజుల్లో ఎక్కడెక్కడి మొక్కలో తెప్పించి పెంచారు. సీమ వంకాయ కూడా అలా వచ్చిందే అంటారు. దానిని తెలుగు ఇళ్ళలో నేటికీ బెంగళూరు వంకాయ అనే పిలుస్తారు. సముద్రమట్టానికి 900 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న ఊరు కావడంతో, ఇక్కడి నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఉండే వాతావరణం చల్లని ప్రాంతాల దుంపకూరలకు కొంతవరకు సరిపోతుంది. ఆ నాలుగు నెలల వ్యవధిలోకి ఈ పంటను ఎలా ఇరికించాలన్నదే నా ముందున్న పని.

సెప్టెంబరు 15

మాకు రామమూర్తి నగర్‌లో ఇంటి పెరట్లో తూర్పు వైపు నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు ఉన్న నేల మడి ఒకటి ఉన్నది. పై అడుగు మట్టి ఎర్రగా, మెత్తగా ఉంటుంది. దాని కింద గట్టి పొర, ఆ పొరలో ఇల్లు కట్టినప్పుడు పూడ్చిన ఇటుక ముక్కలు, సిమెంటు పెచ్చులు ఉన్నాయి. పార్స్‌నిప్ మొదటి వారాల్లోనే తల్లివేరును నిట్టనిలువుగా దింపుతుంది; ఆ వేరు కొనకు రాయి తగిలితే దుంప రెండుగా చీలి, ప్యాంటు వేసుకొన్న మనిషి లాగా తయారవుతుంది. నారు పోసి నాటినా అదే జరుగుతుంది కాబట్టి, గింజను ఉండవలసిన చోటనే నేరుగా విత్తాలి.

మడి మొత్తాన్ని రెండడుగుల లోతుకు తవ్వించి రాళ్ళు ఏరించడం నా వల్ల అయ్యే పని కాదు. పోటీలకు పొడవైన దుంపలు పెంచే ఇంగ్లీషు తోటమాలులు అనుసరించే పద్ధతి ఒకటి ఉన్నది: గడ్డపారను నేలలో దించి, గుండ్రంగా తిప్పుతూ గరాటు ఆకారంలో లోతైన గుంట చేసి, ఆ గుంటను మెత్తని మట్టి మిశ్రమంతో నింపి, దాని నెత్తిన గింజ వేస్తారు. మా వీధిలో చెట్ల పని చేసే ముళబాగిలు ఊరి పెద్దాయన ఈ పనికి ఒప్పుకొన్నారు. పూట గడిచేసరికి వరుసకు ఆరు చొప్పున నాలుగు వరుసలలో ఇరవై నాలుగు గుంటలు దింపారు. ఒక్కొక్కటి పైన ఎనిమిది సెంటీమీటర్ల వెడల్పు, లోతు నలభై అయిదు. గుంటకూ గుంటకూ మధ్య ఇరవై సెంటీమీటర్లు, వరుసకూ వరుసకూ మధ్య ఇరవై అయిదు. “దీనికి ఇంత సేవ దేనికమ్మా, ముల్లంగి ఏసుకుంటే నెలకే వచ్చును గదా” అని ఆయన అన్న మాటకు ఈ రోజుకు నా దగ్గర జవాబు లేదు.

నింపడానికి జల్లెడ పట్టిన ఎర్రమట్టి నాలుగు పాళ్ళు, కడిగి పిండిన కొబ్బరి పొట్టు మూడు పాళ్ళు, బాగా మాగిన ఆకుల ఎరువు రెండు పాళ్ళు, ఇసుక ఒక పాలు కలిపాను. పోయిన ఏడాది ఇదే మడిలో పెంచిన టమాటా వేళ్ళ నిండా బొడిపెలు కనిపించాయి. అవి నులిపురుగుల పని. అందువల్ల గుంటకు ఒక చెంచా వేప పిండి చేర్చాను. హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ తయారుచేసిన అర్క మైక్రోబియల్ కన్సార్షియం కొంత ఇంట్లో మిగిలి ఉంటే దానినీ మిశ్రమంలో కలిపాను. నత్రజనిని అందించే, భాస్వరాన్నీ జింకునూ కరిగించే సూక్ష్మజీవులు అందులో ఉంటాయి. పశువుల ఎరువును మాత్రం దగ్గరకు రానివ్వలేదు. పచ్చి ఎరువు తగిలితే దుంప చీలుతుంది. నత్రజని ఎక్కువైతే పైన ఆకు పెరిగి కింద దుంప ఊరదు.

పోలిక కోసం మేడ మీద కూడా రెండు ఏర్పాట్లు చేశాను. ఇరవై లీటర్ల పాత పెయింటు బకెట్లు నాలుగింటికి అడుగున రంధ్రాలు పెట్టి ఇదే మిశ్రమంతో నింపాను. బకెట్‌కు మూడు మొక్కల చొప్పున పన్నెండు. ప్లంబరు వదిలివెళ్ళిన 110 మిల్లీమీటర్ల పీవీసీ గొట్టాన్ని అరవై సెంటీమీటర్ల ముక్కలుగా కోయించి, ఆరింటిని ఒక ఇసుక తొట్టిలో నిలబెట్టి నింపాను. గొట్టానికి ఒక మొక్క. మొత్తం నలభై రెండు స్థానాలు.

సెప్టెంబరు 29

ఈసారి కట్టిన తేదీ స్పష్టంగా ముద్రించిన కొత్త పొట్లం తెచ్చాను. హాలో క్రౌన్ అనే పాత రకం. గింజలు పలుచగా, చుట్టూ రెక్కతో, ఎండిన తామర రేకు ముక్కల లాగా ఉన్నాయి. అరచేతిలో పోసుకొని తుమ్మితే అన్నీ ఎగిరిపోతాయి. గాలి లేని పొద్దుటి వేళ చూసుకొని నేల మడిలో సగం, అంటే పన్నెండు గుంటలలో, గుంటకు మూడు చొప్పున ముప్పై ఆరు గింజలను ఒక సెంటీమీటరు లోతున వేశాను. మిగిలిన స్థానాలను వర్షాలు తగ్గేదాకా ఆపాను. వరుసల నడుమ ముల్లంగి గింజలు వేశాను. అవి నాలుగు రోజుల్లో మొలిచి వరుస ఎక్కడుందో చూపిస్తాయి, పార్స్‌నిప్ పెద్దదయ్యేలోగా కూరకు వస్తాయి.

అక్టోబరు 20

మూడు వారాల తరువాత లెక్క ఇది: ముప్పై ఆరు గింజలకు అయిదు మొలకలు. వాటిలో రెండు మొదలు దగ్గర మెత్తబడి ఒరిగిపోయాయి. మిగిలినవి మూడు, మూడు వేర్వేరు గుంటలలో.

ఈ వారమంతా నగరంలో కురిసిన వాన సంగతి ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. బడులకు సెలవులిచ్చారు, లోతట్టు వీధులు చెరువులయ్యాయి. మా మడిలో నీరు నిలవలేదు కానీ, చినుకుల దెబ్బకు పైమట్టి అణిగి, మధ్యలో ఒక రోజు ఎండ రాగానే అప్పడంలా గట్టి పొర కట్టింది. పార్స్‌నిప్ మొలక బలహీనమైనది; ఆ పొరను చీల్చుకొని రావడం దాని వల్ల కాదు. గుండుసూదితో పొరను పగలగొట్టి చూస్తే, కింద తెల్లగా మెలికలు తిరిగి ఆగిపోయిన మొలకలు రెండు కనిపించాయి.

రెండో అనుమానం వేడి గురించి. వంటింటి థర్మామీటరును అయిదు సెంటీమీటర్ల లోతున గుచ్చి వారం రోజులు చూశాను. వాన లేని మధ్యాహ్నాలలో నేల మడి 27 డిగ్రీలు చూపింది. మేడ మీది నల్ల బకెట్లు 34 వరకు వెళ్ళాయి. ఈ గింజకు నచ్చేది 20 డిగ్రీల లోపు చల్లదనం. అక్కడ కూడా అది మొలవడానికి రెండు నుంచి నాలుగు వారాలు తీసుకొంటుంది. అన్నాళ్ళు తడి ఆరకుండా, పొర కట్టకుండా, వేడెక్కకుండా పైమట్టిని కాపాడడం ఈ ఊళ్ళో మనిషి వల్ల కాదు. మొలక ఎత్తేదాకా గింజను నేలకు అప్పగించకూడదని ఈ రోజు తీర్మానించుకొన్నాను.

అక్టోబరు 22

పెసలు మొలకెత్తించే పద్ధతే, కొంచెం ఓపిక చేర్చి. నూరు గింజలను ఒక రాత్రి నానబెట్టి, ఉతికిన పాత పంచె ముక్కలో పలుచగా పరిచి, తడిపి పిండి, మూత సరిగా బిగియని స్టీలు డబ్బాలో పెట్టాను. డబ్బాకు చోటు వెతకడం అసలు సమస్య. ఫ్రిజ్‌లో మరీ చల్లన, వంటింటి గట్టు మీద మరీ వెచ్చన. అత్తయ్య ఒక మాట చెప్పారు: “ఆ మంచినీళ్ళ కుండ కింద ఇసుక ఎప్పుడూ తడిగానే ఉంటుంది, అక్కడ పెట్టి చూడు.” కుండ ఊట ఇసుకను తడిపి, ఆ తడి ఆవిరవుతూ చుట్టూ చల్లదనాన్ని ఇస్తుంది. థర్మామీటరు అక్కడ రాత్రి 20, పగలు 22 చూపింది. మా ఇంట్లో అంతకంటె మంచి చోటు లేదు.

నవంబరు 5

దీపావళి మరునాడు, అంటే పదో రోజున డబ్బా తెరిస్తే తొమ్మిది గింజల నుంచి తెల్లని ముక్కులు బయటపడ్డాయి. ఈ రోజు పద్నాలుగో రోజు. మొత్తం యాభై ఏడు. మధ్యలో ఒకసారి గుడ్డ మీద బూజు ఛాయ కనిపించగానే గింజలను కడిగి కొత్త గుడ్డలోకి మార్చాను. నేలలో ముప్పై ఆరుకు అయిదు మొలిచిన గింజే, అదే పొట్లంలోది, కుండ నీడన నూరుకు యాభై ఏడు మొలిచింది.

మొలక వేరు రెండు మూడు మిల్లీమీటర్లు ఉన్నప్పుడే విత్తేయాలి. ఇంకా ఆగితే గుడ్డ పోగులలోకి చొచ్చుకొనిపోయి తీసేటప్పుడు విరుగుతుంది. అబ్బాయి చిన్నప్పటి బొమ్మల కుంచెను తడిపి, ఒక్కొక్క గింజను దానికి అంటించి ఎత్తి, పెన్సిలుతో చేసిన చిన్న గుంటలో వేరు కిందికి ఉండేలా దించాను. మీద మట్టి వేయలేదు, తడిపిన కొబ్బరి పొట్టులో సగం ఇసుక కలిపి కప్పాను. అది పొర కట్టదు. మొదటి తొమ్మిదింటిని ఒకటో తేదీనే వేశాను, మిగిలినవి ఈ రోజు వేశాను. ఖాళీగా ఉన్న ముప్పై తొమ్మిది స్థానాలూ నిండాయి. కొన్నింట్లో రెండేసి పడ్డాయి. మడి మీద తడిపిన గోనెపట్టాను అడుగు ఎత్తున కర్రలకు కట్టాను. బకెట్లకు బయట తెల్ల సున్నం పూసి, మధ్యాహ్నం గోడ నీడ పడే వైపుకు జరిపాను. సున్నం తరువాత వాటి మట్టి 29 డిగ్రీలు దాటలేదు.

నవంబరు 17

ముప్పై తొమ్మిదింటిలో ముప్పై మూడు పైకి వచ్చాయి: నేలలో పద్దెనిమిది, బకెట్లలో పది, గొట్టాలలో అయిదు. పాత మూడింటితో కలిపి ముప్పై ఆరు మొక్కలు. మొదటి రెండు ఆకులు సన్నగా, పొడుగ్గా, గరిక లాగా ఉన్నందువల్ల కలుపు అనుకొని పీకేసే ప్రమాదం ఉన్నది. పెద్దాయనను ఈ మడిలో కలుపు తీయవద్దని ముందుగానే వేడుకొన్నాను. మూడో ఆకు నుంచి అంచున పళ్ళు కనిపించి అసలు పోలిక బయటపడుతుంది.

గోనెపట్టాను తీసేశాను. ముల్లంగి మొదటి కోత వచ్చింది, పప్పులో వేశాము.

డిసెంబరు 3

ఫెంగల్ తుపాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటిన మరునాటి నుంచి ఇక్కడ రెండు రోజులు ముసురు. ఈసారి వాన మొలకలను ఏమీ చేయలేదు కానీ నత్తలను బయటికి తెచ్చింది. నేల మడిలో ఒక మొక్క రాత్రికి రాత్రి మోడు అయింది. చీకటి పడ్డాక టార్చి పట్టుకొని పదకొండు నత్తలను ఏరి పారేశాను. నేలలో ఇప్పుడు ఇరవై.

రెండేసి మొక్కలున్న చోట బలమైన దానిని ఉంచి రెండవదానిని కత్తెరతో మొదట్లో కత్తిరించాను. పీకితే పక్కదాని వేరు కదులుతుంది.

డిసెంబరు 22

పోయిన వారం లేత ఆకుల అడుగున పేనుబంక పట్టింది. లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీరు కలిపి సాయంత్రం కొట్టబోతూ చూస్తే, ఆకుల మీద పేనుబంకను తినే అక్షింతల పురుగులూ వాటి పిల్లలూ అప్పటికే పనిలో ఉన్నాయి. నేల మడిని వాటికే వదిలిపెట్టి, మేడ మీద మాత్రం పిచికారీ చేశాను. వారం తరువాత రెండు చోట్లా పేనుబంక ఒకే మాదిరిగా తగ్గింది. ఇంగ్లండులో ఈ పంటకు ప్రధాన శత్రువైన క్యారెట్ ఈగ గురించి చదివి దోమతెర కూడా కొన్నాను. ఇక్కడ దాని జాడ లేదు. ఆ తెర ఇప్పుడు మా వారి మంచానికి ఉపయోగపడుతున్నది.

నీరు వారానికి రెండుసార్లు, నిండుగా పోస్తున్నాను. రోజూ కొంచెం కొంచెం పోస్తే వేరు పైపైనే తిరుగుతుంది. బాగా ఎండబెట్టి ఒక్కసారిగా పోస్తే దుంప పగులుతుంది. అక్టోబరులో మేడ మీది డ్రమ్ములలో పట్టిన వాననీరు ఇంతవరకు సరిపోయింది.

జనవరి 8

ఈ రోజు రాస్తున్నది మొక్కల గురించి కాదు, నా కుడి ముంజేతి గురించి. పార్స్‌నిప్ పెంచాలనుకొనేవారు మిగిలినదంతా వదిలేసినా ఈ భాగం చదవాలి.

ఆదివారం, అయిదో తేదీ, పదకొండు గంటల ఎండలో కూర్చొని పసుపుబారిన కింది ఆకులను విరిచి, మొక్కల మధ్య చేయి దూర్చి కలుపు తీశాను. ఆకుకాడలు విరిగినప్పుడు కారిన రసం చేతికి అంటింది; నీళ్ళు పోసుకొనేటప్పుడు పోతుందిలే అనుకొన్నాను. ఆ రోజు మంట లేదు, దురద లేదు. మంగళవారం పొద్దున లేచేసరికి ముంజేతి మీద ఎర్రని చారలు వచ్చాయి, సాయంత్రానికి వాటి మీద నీటి బుడగలు లేచాయి. నూనె చింది కాలిందని వంటమనిషి, సాలెపురుగు పాకిందని అత్తయ్య అన్నారు. చర్మవైద్యురాలు చారల ఆకారం చూడగానే ఏ మొక్కను ముట్టుకొన్నారని అడిగారు.

పార్స్‌నిప్ ఆకు, కాడల రసంలో ఫ్యూరానోకౌమరిన్లు అనే పదార్థాలు ఉంటాయి. అవి చర్మం మీద ఉండగా ఎండ తగిలితే, ఎండలోని అతినీలలోహిత కిరణాల వల్ల చర్మ కణాలు దెబ్బతిని కాలిన గాయం వంటిది ఏర్పడుతుంది. ఇది అలర్జీ కాదు. అందువల్ల నాకు పడుతుందా పడదా అన్న ప్రశ్న లేదు, రసమూ ఎండా కలిస్తే ఎవరికైనా రావచ్చు. లక్షణాలు ఒకటి రెండు రోజులు ఆలస్యంగా కనిపించడంతో కారణం మొక్కేనని తట్టదు. నిమ్మరసం చేతికి పూసుకొని ఎండలో తిరిగినా ఇటువంటిదే జరుగుతుంది. దుంపను వండుకొని తినడానికి దీనితో భయం లేదు. బుడగలు తగ్గినా మచ్చ నెలల తరబడి ఉంటుందని డాక్టరమ్మ చెప్పారు.

ఇకపై ఈ మడి పని పొద్దు వాలిన తరువాతనే, నిండు చేతుల చొక్కా, చేతి తొడుగులు వేసుకొని చేస్తాను. రసం అంటితే వెంటనే సబ్బుతో కడుక్కోవాలి. పక్కింటి పిల్లలు బంతి కోసం మడిలోకి దూరకుండా అడ్డంగా తాడు కట్టాను.

జనవరి 26

సంక్రాంతికి వచ్చిన మా ఆడపడుచు మడిని చూసి కొత్తిమీర అనుకొని ఆకు తుంచబోతే అందరం ఒక్కసారి అరిచాము. మొక్కలు మోకాలి ఎత్తున ఉన్నాయి. మట్టిని వేలితో తొలగిస్తే నేల మడిలోని దుంపల భుజాలు మూడు నుంచి నాలుగు సెంటీమీటర్ల వెడల్పున కనిపించాయి. వాటి మీద ఎండ పడకుండా మట్టి ఎగదోసి, రెండు గుప్పిళ్ళ కట్టెల బూడిద వరుసల నడుమ చల్లాను.

మేడ మీద గొట్టాలలో ఒకటి, బకెట్లలో ఒకటి వాడిపోయాయి. గొట్టం చేసిన తప్పు నాకు అర్థమైంది: పది సెంటీమీటర్ల మట్టి స్తంభానికి పక్క నుంచి వచ్చే తేమ ఏమీ లేదు, ఒక్క రోజు నీరు మరచిపోతే నిలువునా ఎండుతుంది. మేడ మీద ఇప్పుడు తొమ్మిదీ నాలుగూ మిగిలాయి.

ఫిబ్రవరి 23

మొలక వేసి పదహారు వారాలు. నేల మడి మొదటి వరుసలో నాలుగు, బకెట్లలో నాలుగు, మొత్తం ఎనిమిది దుంపలు తీశాము. ఆకు పట్టుకొని లాగితే తోక తెగుతుంది కాబట్టి, పెద్దాయన పక్కన గడ్డపార దించి మట్టిని వదులు చేసి, నేను రెండు చేతులతో పైకి ఎత్తాను. మొదటిది బయటికి వచ్చినప్పుడు ఆయన దానిని అటూ ఇటూ తిప్పి, “ముల్లంగికి జెరం వచ్చినట్టుంది” అన్నారు. ఇరవై రెండు సెంటీమీటర్ల పొడవు, 150 గ్రాములు. ఒంటి నిండా పీచు వేళ్ళు ఉన్నా తిన్నగానే ఉన్నది. నాకు అది ముల్లంగి కంటె అందంగానే కనిపించింది.

అదే రోజు సగం వండాము. బద్దలుగా కోసి, నూనె, ఉప్పు, మిరియాల పొడి పట్టించి ఓవెన్‌లో అరగంట కాల్చాము. అబ్బాయి ఒక ముక్క నోట్లో వేసుకొని కొంతసేపు మాట్లాడలేదు. వాడికి నన్ను నొప్పించడం ఇష్టం ఉండదు. “వాసన అదేనమ్మా, తీపి లేదు” అన్నాడు. నిజమే. ఒక రకమైన సోంపు వాసన, కింద చప్పని పిండి రుచి ఉన్నాయి.

దీనికి కారణం మొదటే తెలుసు. చల్లని దేశాలలో మంచు పడిన తరువాతనే పార్స్‌నిప్ తవ్వుతారు. చలి తగిలినప్పుడు దుంప తనలోని పిండిపదార్థాన్ని చక్కెరలుగా మార్చుకొంటుంది. కణాలలో చక్కెర ఎక్కువగా ఉంటే నీరు అంత తొందరగా గడ్డకట్టదు. మనం తినే తీపి ఆ మొక్క చలికి వేసుకొన్న కంబళి అన్నమాట. బెంగళూరులో ఇప్పటివరకు నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 7.8 డిగ్రీలు, అది కూడా 1884 జనవరి 13న. మన మడిలో మంచు కోసం కాచుకొని కూర్చోవడంలో అర్థం లేదు. మిగిలిన నాలుగు దుంపలను ఆకులు కోసి, కడగకుండా, తడి గుడ్డలో చుట్టి, రంధ్రాలున్న సంచిలో పెట్టి ఫ్రిజ్ కింది అరలో ఉంచాను. అక్కడ థర్మామీటరు 4 డిగ్రీలు చూపింది.

మార్చి 2

మధ్యాహ్నాలు 33 డిగ్రీలకు చేరుతున్నాయి, మిగిలినవన్నీ తీసేశాము. నేల మడిలో మొత్తం ఇరవై దుంపలు 2,900 గ్రాములు తూగాయి. వాటిలో రెండే చీలాయి, రెండూ ఇటుక ముక్క మీదికి దిగినవి. బకెట్ల తొమ్మిదీ కలిపి 610 గ్రాములు. అడుగు తగలగానే దాదాపు అన్నీ వంకర తిరిగాయి. గొట్టాల నాలుగు 380 గ్రాములు. సన్నగా, తిన్నగా, ఒకటి నలభై ఎనిమిది సెంటీమీటర్లు. మావారు దానితో గోడ మీది సాలెగూడు దులిపి చూపించారు. సెప్టెంబరులో నేరుగా మొలిచిన మూడింటిలో ఒకటి 260 గ్రాములు తూగింది కానీ, కోస్తే నడిమి భాగం చెక్కలాగా పీచు పట్టింది. దీనికి ఇరవై వారాలు దాటనివ్వకూడదు. నేల దుంపల వేళ్ళ మీద బొడిపెలు అక్కడక్కడ మాత్రమే కనిపించాయి.

కిలోకు ఎంత ఖర్చు పడిందన్న లెక్క రాయడం లేదు.

మార్చి 9

ఫ్రిజ్‌లో పద్నాలుగు రోజులు ఉంచిన నాలుగు దుంపలను, వారం కిందట తీసి అలాగే బుట్టలో ఉంచిన నాలుగింటితో పాటు ఒకే పళ్ళెంలో, మధ్యలో ఉల్లిపాయ అడ్డు పెట్టి కాల్చాము. ఏవి ఏ వైపున ఉన్నాయో చెప్పకుండా అందరికీ వడ్డించాను. నలుగురం తిన్నాము, నలుగురూ ఫ్రిజ్ వైపు ముక్కలనే రెండోసారి వేసుకొన్నారు. అంచులు చక్కెర పాకం పట్టినట్టు గోధుమ రంగుకు తిరిగాయి. అబ్బాయి ఈసారి మాట్లాడటానికి ఆగలేదు, తింటూనే తల ఊపాడు. బుట్టలోవి మెత్తబడి, చప్పగానే ఉన్నాయి.

మన వంటలలో పెట్టి చూసిన ఫలితాలు కూడా రాస్తాను. సాంబారులో వేస్తే దీని వాసన మిగిలినవాటిని తొక్కేస్తుంది, మళ్ళీ వేయను. శనగపిండి, ఇంగువ, ఎండుమిరపకాయ కారంతో వేపుడు చేస్తే చాలా బాగుంది, ఎందుకంటే తీపికి కారం ఎదురు నిలుస్తుంది. ఫ్రీజరులో దాచిన అనప గింజలతో చేసిన పితికిపప్పు కూరలో నాలుగు ముక్కలు వేశాను. అత్తయ్య వాటిని బంగాళాదుంపలనుకొని తినేసి, ఆ తరువాత బంగాళాదుంప పాడైనట్టుందని చెప్పారు.

మార్చి 16

వచ్చే సంవత్సరం మేడ మీద పార్స్‌నిప్ పెంచను. నేల మడిలో గుంటల సంఖ్య ముప్పై అయిదుకు పెంచి, గింజలను అక్టోబరు 10న కుండ కింద పెట్టి, ఇరవై అయిదు నాటికి నాటుతాను. పది రోజులు ముందు జరిపితే ఫిబ్రవరి మధ్యలోనే కోత ముగుస్తుంది. వానకు పైన వాలుగా పలుచని ప్లాస్టిక్ పట్టా ఉండాలి.

గింజ సమస్య మాత్రం తీరలేదు. ఇది రెండేళ్ళ మొక్క. మొదటి ఏడు దుంప ఊరి, చలికాలం దాటితేనే రెండో ఏడు పూత కాడ వేసి గింజ కడుతుంది. మన చలి దానికి చాలదు కాబట్టి నేలలో వదిలేస్తే వేసవికి కుళ్ళిపోతుందే తప్ప పూయదు. అలాగని ఏటా కొత్త పొట్లం కొనడం నాకు ఇష్టం లేదు. అందువల్ల అన్నిటికంటె తిన్నగా ఉన్న మూడు దుంపలను, నెత్తి మీది మొలక దెబ్బతినకుండా ఆకులు కోసి, తడి కొబ్బరి పొట్టు నింపిన డబ్బాలో పెట్టి ఫ్రిజ్ కింది అరలో ఉంచాను. పది వారాలు అక్కడే చలికాలం గడిపించి, మే చివరిలో తొలకరి జల్లులు పడ్డాక పెరటి నీడలో నాటుతాను.

డబ్బా మూత మీద “వండవద్దు” అని తెలుగులోనూ, వంటమనిషి కోసం కన్నడంలోనూ రాసి అంటించాను. నిన్న చూస్తే దాని కింద అత్తయ్య చేతిరాతతో “వండినా ఎవరూ తినరు” అని ఉన్నది.